నా గొంతుతో ఎవరో

ఫిబ్రవరి 4

పది రోజులు నోరు విప్పకూడదన్నారు డాక్టర్ గారు. గుసగుసలు కూడా పనికిరావట, వాటివల్ల గొంతుకి ఇంకా ఎక్కువ హానిట. స్వరతంత్రి మీద పెరిగిన చిన్న బుడిపెని నిన్న తీసేశారు. "ఆపరేషన్ చాలా బాగా జరిగింది" అని మూడుసార్లు చెప్పారు. ఒక్కసారి చెప్పి ఊరుకుంటే నమ్మేదాన్ని.

మా అమ్మాయి ప్రణవి తన తెల్ల పలక నాకు అరువిచ్చింది. దానిమీద "పాలు", "తలుపు వెయ్యి", "సాక్సులేవి" లాంటివి రాయొచ్చు. మిగతావి ఎక్కడ రాయను? అందుకే ఈ పుస్తకం. ఎప్పుడో రాజమండ్రిలో ఇంటర్ చదివేటప్పుడు డైరీ రాసేదాన్ని. ఆ అక్షరాలే నయం.

ఫిబ్రవరి 7

రాజీవ్ ఆఫీసు నుంచి వస్తూనే నా ఫోన్ తీసుకుని పదినిమిషాలు ఏదో చేశాడు.

"చంద్రీ, కోప్పడకు. ఒక సర్‌ప్రైజ్. ఏదన్నా టైప్ చెయ్."

"హోంవర్క్ అయిందా?" అని కొట్టాను. ఫోన్ ఆ మాట అన్నది. నా గొంతుతో. 'అయిందా' దగ్గర నేను పైకి లాగే దీర్ఘంతో సహా. మేడమీద నుంచి ప్రణవి "హాఫ్ అయింది అమ్మా!" అని అరిచి, అరిచాక గుర్తొచ్చి దడదడా మెట్లు దిగివచ్చింది. "Wait, అమ్మా, నువ్వు talk చేశావా?"

చప్పుడు లేని ఎలక్ట్రిక్ కార్లకి చప్పుడు తయారుచేయడం రాజీవ్ ఉద్యోగం. కారు వస్తున్నట్టు రోడ్డు దాటేవాళ్ళకి తెలియాలి కదా. డెట్రాయిట్ పక్కన ఉన్న మా ట్రాయ్‌లో సగంమంది తెలుగువాళ్ళు కార్ల కంపెనీల్లోనే పనిచేస్తారుగానీ, ఇంత వింత పని మాత్రం మా ఇంట్లోనే ఉంది. గురువారాలు జాజ్ క్లబ్‌లో నేను పాడిన పాత రికార్డింగులూ, పుట్టినరోజు వీడియోలూ అన్నీ ఫోన్‌లో పెట్టిన ప్రోగ్రామ్‌కి వినిపించి నా గొంతు నేర్పాడట.

నాకేం అభ్యంతరం లేదు. ఎంత శ్రమపడ్డాడో. రాజీవ్ మంచివాడు.

ఫిబ్రవరి 11

పడుకునేముందు కథ ఫోన్ చేతే చెప్పించుకుంటోంది ప్రణవి. పక్కన కూర్చుని నేను టైప్ చేస్తాను. ఈరోజు మధ్యలో ఆపి, పుస్తకం తీసి బొమ్మలు చూపించబోయాను.

"No, అమ్మా. ఫోన్‌లో అమ్మనే చెప్పమను."

ఫిబ్రవరి 13

గురువారం. క్లబ్‌లో మావాళ్ళు నేను లేకుండానే వాయించారు. వరసగా ఇది రెండో వారం, ఆరేళ్ళలో ఇలా ఎప్పుడూ లేదు.

వెండెల్ గారు మెసేజ్ పెట్టారు: "ఈరోజు పాటలన్నీ మధ్యలో కిటికీ తెరిచినట్టు ఖాళీగా ఉన్నాయి. తొందరపడకు." ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ముప్ఫయ్యేళ్ళు కార్ల ఫ్యాక్టరీలో పనిచేశారు, అరవయ్యేళ్ళకి పైగా డ్రమ్స్ వాయిస్తున్నారు. ఆఫీసు స్నేహితురాలు పట్టుబట్టడంతో మొదటిసారి డెట్రాయిట్‌లో ఆ క్లబ్‌కి వెళ్ళి, జాజ్ అంటే ఏమిటో తెలియకుండా మైకు పట్టుకున్నదాన్ని నేను. మాటలు మర్చిపోయి, ఆగితే పరువు పోతుందని, తాళానికి సరిపోయేలా "బీర, సొర, దొండ, బెండ" అని కూరగాయల పేర్లు అందుకున్నాను. ఆయన పగలబడి నవ్వి, దానికి సరిగ్గా అదే లెక్కలో డ్రమ్ మీద జవాబిచ్చారు. అంతే, అక్కడే ఉండిపోయాను.

ఫిబ్రవరి 14

ఈరోజు మాట్లాడొచ్చు. మొదటి మాట ప్రణవి పేరు కావాలనుకున్నాను.

గాలి వచ్చింది. ఆ గాలిలో ఎక్కడో చివర "వి" వినబడింది.

మొదట్లో ఇలాగే ఉంటుందట.

ఫిబ్రవరి 26

మే నెలలో డెట్రాయిట్ నది ఒడ్డున జరిగే జాజ్ ఫెస్టివల్‌కి రికార్డింగ్ పంపడానికి ఎల్లుండే ఆఖరు. వెండెల్ గారు కుర్రతనంలో ఆ వేదిక మీద ఎవరెవరి వెనకో వాయించారు. సొంత బృందంతో ఒక్కసారీ అవకాశం రాలేదు. "ఈ ఏడు కాకపోతే నా మోకాళ్ళు ఇంకో ఏడు ఆగవు" అని దసరానాడే అన్నారు, నవ్వుతూ.

"నీ దగ్గర అక్టోబర్ రిహార్సల్ ఉంది కదా," అన్నాడు రాజీవ్.

"అది ఫోన్‌లో తీసింది," అని పలకమీద రాశాను. ఇంకా పలకే సులువు.

"అందులో అంతా గోలనే. నేను మంచిగ చేస్తా. నీ గొంతు నా దగ్గర ఉన్నది కదా."

నా గొంతు అతని దగ్గర ఉంది.

మే నాటికి ఎలాగూ వచ్చేస్తుంది. వచ్చాక అదే పాట అలాగే పాడతాను. అప్పుడిది అబద్ధం కాదు, కాస్త ముందుగా చెప్పిన నిజం. పంపించమన్నాను. కొంచెం శుభ్రం చేశాడు, అంతే.

మార్చి 2

మంచు. గొంతు అలాగే ఉంది.

మార్చి 20

ఎంపికయ్యాం! పెద్ద వేదిక. శనివారం సాయంత్రం.

వెండెల్ గారు ఫోన్ చేశారు. వెనక వాళ్ళ చెల్లెలు నవ్వడం వినిపించింది. ఆయన అన్నారు, "సూటు వదులు చేయించాలి. పాతికేళ్ళనాటిది." మళ్ళీ, "చాండ్రా, ఏ రికార్డింగ్ పంపావు?"

ఆయన నన్ను అలాగే పిలుస్తారు. "పాతది," అన్నాను.

"నీకు జలుబు చేసిందా?"

"కొంచెం."

మార్చి 27

ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూశారు. తెర మీద నాకూ చూపించారు. రెండు తెల్లటి అంచులు. ఒకటి అలలాగ కదులుతోంది. రెండోది గట్టిపడిపోయి, బిగుసుకుని ఉంది.

"మచ్చ కట్టింది. థెరపీ చేస్తే ఏడాదిలో కొంత మెరుగవొచ్చు," అన్నారు డాక్టర్ గారు.

"కొంత అంటే?"

"మాట్లాడటానికి ఇబ్బంది ఉండదు." నేను గాయనినని ఆయనకి తెలుసు. అందుకే అక్కడ ఆపారు.

మార్చి 28

నాకేం కాలేదు.

ఏప్రిల్ 5

రాయకుండా ఉండలేను. ఈరోజు పాడాను!

వెడల్పుగా, పలచగా, టిఫిన్ డబ్బా అంత ఉంది రాజీవ్ చేసిన పెట్టె. మైకు దానికి తగిలిస్తే నేను బొంగురుగా, గాలిగా ఏమన్నా సరే అవతలి స్పీకర్‌లోంచి నా గొంతు వస్తుంది. ఫోన్‌లోలాగా కాదు, నేను ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. గమకం వేస్తే గమకం. నేను అందుకోలేని పైస్థాయికి నేను చూపు వేస్తే చాలు, అది ఎక్కేస్తోంది. రెండు గంటలు పాడాను. బీర, సొర, దొండ, బెండ. గుమ్మడి కూడా. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రాజీవ్ కిందపడ్డ వైర్ల మధ్య కూర్చుని నన్నే చూస్తున్నాడు. పెళ్ళయిన కొత్తలో చూసినట్టు.

"నీకోసమే చేసిన," అన్నాడు.

నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఏమీ అడగలేకపోతున్నాను. వాళ్ళ బాస్ ఫెస్టివల్‌కి వస్తానన్నాడట, పెట్టెని చూడటానికి. ఆఫీసులో ఉద్యోగాలు తీసేస్తున్న రోజులు. ఇది కుదిరితే రాజీవ్‌కి ఓ కొత్త టీమ్.

ఒక్కటే: నవ్వితే ఆ నవ్వు స్పీకర్‌లోకి రావడంలేదు. ఏదో చప్పుడనుకుని తీసేస్తోందట. సరిచేస్తానన్నాడు.

ఏప్రిల్ 12

వెండెల్ గారి ఇంటి బేస్‌మెంట్‌లో రిహార్సల్. పియానో దగ్గర డోరిస్, మూల నిలువెత్తు బాస్ వాయిద్యం పట్టుకుని టోనీ, వైర్లతో రాజీవ్. పెట్టె బయటికి తీశాను. "గొంతు ఇంకా పూర్తిగా కుదుటపడలేదు, కాస్త సాయానికి," అన్నాను. అందులో ఏ మాటా అబద్ధం కాదు.

ఆయన కోప్పడతారనుకున్నాను. వంగి పెట్టెని చూసి, కాలితో పెద్ద డ్రమ్ పెడల్ ఒకసారి తొక్కి, "ఇది రాకముందు ఏం చేసేవాళ్ళో తెలుసా?" అన్నారు. "పెద్ద డ్రమ్ముకి ఒకడు, చిన్నదానికి ఒకడు, ఇత్తడి పళ్ళేల సింబల్స్‌కి ఒకడు. ఈ పెడల్ వచ్చి ఇద్దరి కూడు తీసింది. మైకు వచ్చినప్పుడు గొంతున్నవాళ్ళ పని అయిపోయిందన్నారు. మా తమ్ముడు కరెంటు ఆర్గన్ కొంటే మా నాన్న దాన్ని గుమ్మం దాటనివ్వలేదు. మూణ్ణెల్లకి ఆయనే దానిముందు కూర్చున్నాడు. పెట్టెలంటే నాకేం భయంలేదు, చాండ్రా. పాడు."

పాడాను. డోరిస్ కళ్ళు పెద్దవి చేసింది. "ఇంత బాగా నువ్వు ఎప్పుడూ పాడలేదు!" అంది.

తర్వాత మా ఇద్దరి వంతు. తాళంలో నాలుగు ఆవర్తాలు, అంటే నాలుగు బార్లు ఆయన ప్రశ్న, నాలుగు బార్లు నా జవాబు. ఆరేళ్ళుగా ప్రతి గురువారం ఆడే ఆట. ఆయన వాయించారు, నేను పాడాను. మళ్ళీ ఆయన. మూడోసారి ప్రశ్న మధ్యలో కావాలని తడబడ్డారు. నన్ను నవ్వించడానికి అలా చేస్తారు. నేను నవ్వాను కూడా. స్పీకర్‌లోంచి నున్నటి స్వరం వచ్చింది.

ఆయన కర్రలు ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఏమైంది?" అన్నాడు రాజీవ్.

"ఏం కాలేదు. బాగుంది," అన్నారు. నావైపు తిరిగి మెల్లగా, "నేను అడిగింది నిన్ను. జవాబు ఇంకెవరో చెప్పారు."

ఏప్రిల్ 13

పెద్దాయన. అలవాటు లేనిది వింటే అలాగే ఉంటుంది. డోరిస్‌కి నచ్చింది కదా. టోనీ కూడా ఏమీ అనలేదు.

రాజీవ్ నవ్వులు పట్టే ఏర్పాటు చేస్తున్నాడు.

ఏప్రిల్ 19

ఫెస్టివల్‌వాళ్ళు ఎంపికైనవాళ్ళ పాటలు వాళ్ళ సైట్‌లో పెట్టారు. రిహార్సల్ మొదలవకముందే డోరిస్ ఫోన్ పైకెత్తి, "మన పాట వచ్చింది, వినండి," అంది. ఆపేలోపలే మొదలైపోయింది.

నేను నేలవైపు చూస్తూ నిలబడ్డాను. వెండెల్ గారు తల ఊపుతూ వింటున్నారు. ఊపడం ఆగింది. తల ఒక పక్కకి వాల్చారు. పాట చివరిదాకా విన్నారు. "మళ్ళీ పెట్టు," అన్నారు. మళ్ళీ విన్నారు.

"వాడెవడు?"

డోరిస్ ఫోన్ దించింది.

"డ్రమ్స్ వాయించినవాడు ఎవడని అడుగుతున్నాను. నాలాగే వాయిస్తున్నాడు. నా మణికట్టు, నా సింబల్. నేను ఊపిరి తీసుకునేచోటే తీసుకుంటున్నాడు. నేను కాదు."

అక్టోబర్ రికార్డింగ్‌లో డ్రమ్స్ గోలగా ఉన్నాయి. వాటిని తీసేసి, ఆయనలాగే వాయించే డ్రమ్స్‌ని రాజీవ్ కంప్యూటర్ చేత అక్కడ తయారుచేయించాడు. ఫిబ్రవరిలో నాకు చెప్పాడు. చెప్తే తలూపాను. ఆరోజు ఇక్కడ రాయలేదు. వెనక్కి తిప్పి చూశాను: "కొంచెం శుభ్రం చేశాడు, అంతే" అని ఉంది.

రెండు నెలలుగా నా గొంతు, నా గొంతు అని ఏడుస్తూ పేజీలు నింపాను.

"సర్, ఆడియో క్వాలిటీ బాగాలేదు, అందుకని..." అని రాజీవ్ మొదలుపెట్టాడు. వెండెల్ గారు అతనివైపు చూడలేదు. నన్నే చూశారు. "నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాను. పెట్టె ఇంకా తగిలించలేదు. ఆ మాట నా గొంతుతోనే వచ్చింది, గీసుకుంటూ.

ఆయన మెట్లెక్కి పైకి వెళ్ళిపోయారు. ఎవరి ఇంటి బేస్‌మెంట్‌లో వాళ్ళు లేకుండా నలుగురం ఎంతసేపు నిలబడతాం? వచ్చేశాం.

ఏప్రిల్ 20

ఆదివారం మధ్యాహ్నం. అన్నాలు తిని ఎవరి కంచం వాళ్ళు కడుక్కున్నాం. అప్పుడు మొదలైంది.

"వినేటోళ్ళకి తేడా తెలుస్తదా చెప్పు," అన్నాడు రాజీవ్. "సెలెక్ట్ చేసినోళ్ళకి తెలిసిందా? డోరిస్‌కి తెలిసిందా?"

"ఆయనకి తెలిసింది."

"ఒక్క మనిషికి!"

"వాయించేది ఆ ఒక్క మనిషే."

"నువ్వే కదా పంపించమన్నది? ఇప్పుడు అంతా నామీద పెడ్తున్నవా? నీకు గొంతు పోయిందని నేను రెండు నెలలు నిద్రపోలే, చంద్రీ. నువ్వు పాడుతుంటే చూడాలని. అది తప్పా?"

అరవాలనిపించింది. నోరు తెరిస్తే గాలి. ఇంకా బలం పెట్టాను, గాలే. పోట్లాటలో ఒకరికే గొంతు ఉంటే ఎలా ఉంటుందో ఇన్నాళ్ళకి తెలిసింది. చేతిలో ఉన్న గరిటె సింక్‌లోకి విసిరాను. అతనూ గొంతు పెంచాడు. "థ్యాంక్స్ అని ఒక్కసారన్నా అన్నవా?"

అప్పుడు మేడమీద నుంచి నేను మాట్లాడాను.

"రాజీవ్, ఇక చాలు. చంద్రికా, నువ్వూ ఊరుకో. ప్రణవికి భయం వేస్తోంది."

నా గొంతే. ప్రశాంతంగా, కొంచెం పాటలాగ.

ఇద్దరం పైకి పరుగెత్తాం. ప్రణవి మంచానికీ గోడకీ మధ్య నేలమీద, మోకాళ్ళమధ్య నా ఫోన్ పెట్టుకుని కూర్చుంది. తెలుగు రాయడం రాదు కదా, ఇంగ్లీష్ అక్షరాలతో తెలుగు కొట్టింది.

"Real అమ్మకి వాయిస్ లేదు కదా," అంది. "అందుకని ఈ అమ్మకి చెప్పాను."

రాజీవ్ గుమ్మంలోనే చతికిలబడ్డాడు. నేను పిల్ల పక్కన కూర్చుని దగ్గరికి తీసుకున్నాను. దాని చెవి దగ్గర నోరు పెట్టి ఏవో చెప్పాను, ఎలా వస్తే అలా, ముక్కలు ముక్కలుగా. మొదట కాస్త బిగుసుకుంది. ఆ తర్వాత నా గొంతుమీద అరచెయ్యి పెట్టి చూసింది.

"It's buzzing," అంది.

సాయంత్రం రాజీవ్ నా ఫోన్‌లోంచి ఆ గొంతు తీసేశాడు. నేను తీయమనలేదు. అతనూ చెప్పలేదు. వంటింట్లో ఫోన్ అందిస్తూ, "లేదు ఇంక," అన్నాడు. అంతే.

ఏప్రిల్ 23

వెండెల్ గారు ఫోన్ ఎత్తడంలేదు.

ఏప్రిల్ 24

గురువారం. క్లబ్‌లో వేరే డ్రమ్మర్ వాయించాడని డోరిస్ చెప్పింది. "ఆయన ఒంట్లో బాగాలేదా?" అని అడిగాను. "నువ్వే చెప్పాలి," అంది.

ఏప్రిల్ 25

ఫెస్టివల్‌వాళ్ళకి మొత్తం రాసి పంపాను. గొంతు గురించి, డ్రమ్స్ గురించి. రాజీవ్ వెనక నిలబడి చదివాడు. "బాస్ చూస్తే నా పని అయిపోతది," అన్నాడు. నేను ఆగాను. "పంపు," అన్నాడు.

ఏప్రిల్ 29

జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. పెద్ద వేదిక లేదు. పాట సైట్‌లోంచి తీసేశారు. శనివారం మధ్యాహ్నం చివరి టెంట్‌లో ముప్పావుగంట ఖాళీ ఉందట, అది ఇస్తామన్నారు, ఆ చుట్టుపక్కల వెండెల్ గారి పేరు తెలియనివాళ్ళు లేరు కాబట్టి. ఆయన ఒప్పుకుంటేనే.

మే 1

వెళ్ళాను. ఒక్కదాన్నే. వుడ్‌వర్డ్ రోడ్డు పొడుగునా కారులో ఏం చెప్పాలో పైకే చెప్పుకుంటూ వెళ్ళాను, సగం దారిలోనే గొంతు అలసిపోయింది. తలుపు వాళ్ళ చెల్లెలు తీసింది. ఆయన వెనక వరండాలో రేడియో దగ్గర ఉన్నారు. కూర్చోమనలేదు. కూర్చున్నాను.

అన్నీ చెప్పాను. మాట విరిగినచోట ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన మధ్యలో సాయం చేయలేదు, తొందరపెట్టలేదు.

"ఆ మణికట్టుకి నాకు అరవై ఏళ్ళు పట్టింది," అన్నారు చివరికి. "నీ భర్తకి ఎంతసేపు పట్టింది?"

అబద్ధం చెప్పదలచుకోలేదు. "ఒక మధ్యాహ్నం."

ఆయన రేడియో కట్టేశారు.

"చాండ్రా, నేను దొంగిలించనిది ఏముంది నా వాయింపులో? ఆ సింబల్ పద్ధతి చికాగోవాడొకడిది. ఎడమచెయ్యి మా పెదనాన్నది. కానీ వాళ్ళ ఎదురుగా కూర్చుని దొంగిలించాను. నా మొహం వాళ్ళు చూశారు. తిట్టాల్సినప్పుడు తిట్టారు. నువ్వు నన్ను అడిగితే వద్దనేవాణ్ణో, సరే అనేవాణ్ణో నాకే తెలియదు. ఆ మాట నా నోటితో అననివ్వలేదు నువ్వు."

"అవును."

"నీ గొంతు పోయిందని కూడా చెప్పలేదు. జలుబన్నావు."

"భయపడ్డాను."

"దేనికి?"

"మీరు ఇంకొకర్ని వెతుక్కుంటారని."

ఆయన క్షమించాననలేదు. నేనూ అడగలేదు. లేవబోతుంటే, "ఎన్ని స్వరాలు మిగిలాయి?" అన్నారు.

"ఐదో ఆరో. కింద."

"పాడు."

అక్కడే, వరండాలో, ఆ ఐదింటితో పాడాను. పాటలో సగం గాలి. ఆయన కుర్చీ చేతిమీద రెండు వేళ్ళు కదిలాయి.

"శనివారం రిహార్సల్. ఆ పెట్టె నా ఇంట్లోకి రాకూడదు." మళ్ళీ అన్నారు, "నీ భర్తని రమ్మను. వాడితో పని ఉంది."

మే 3

డోరిస్ పాటలన్నీ కింది శ్రుతికి దించింది, విసుక్కుంటూనే. రెండు పాటలు కుదరక వదిలేశాం. వెండెల్ గారు కర్రలు పక్కన పడేసి తీగల బ్రష్‌లు తీశారు. అయినా నేను వినబడటంలేదు.

"ఈ పిల్ల మాట టెంట్ చివరిదాకా వెళ్ళాలి," అన్నారు రాజీవ్‌తో. "మార్చకుండా. ఉన్నది ఉన్నట్టు. చేతనవుతుందా?"

రాజీవ్ మైకులు మార్చి మార్చి పెట్టాడు. నా పెదవులకి తగిలేంత దగ్గరగా ఒకటి పెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని నేలమీద కూర్చున్నాడు. ఇన్నాళ్ళలో ఈ గొంతుని అతను సరిచేయకుండా వినడం ఇదే మొదలు. పాట అయ్యాక కూడా హెడ్‌ఫోన్స్ తీయలేదు.

"ఏమిటి?" అన్నాను.

"ఏం లేదు. ఇంకోసారి పాడు."

మే 9

రాజీవ్ బాస్‌కి చెప్పేశాడు, పెట్టె ఫెస్టివల్‌లో ఉండదని. కొత్త టీమ్ వేరేవాళ్ళకి వెళ్ళింది. ఉన్న ఉద్యోగం ఉంది, ప్రస్తుతానికి. "పోతే చూద్దాం," అన్నాడు. ఆ మాట అన్నాక చాలాసేపు గ్యారేజ్‌లో ఉన్నాడు.

నాకు భయంగా ఉంది. రాస్తే తగ్గుతుందేమోనని రాస్తున్నాను.

మే 17

అయిపోయింది. వరసగా రాస్తాను.

చివరి టెంట్ అంటే నిజంగా చివరిదే, పక్కనే మొక్కజొన్న పొత్తులమ్మే బండి. పెద్ద వేదిక నుంచి ట్రంపెట్లు వినబడుతూనే ఉన్నాయి. ఎనభై కుర్చీలు వేస్తే సగం నిండాయి. వెండెల్ గారు ఆ సూటు వేసుకొచ్చారు. వాళ్ళ చెల్లెలు ముందు వరసలో, పక్కన ప్రణవి. రాజీవ్ వెనక సౌండ్ బల్ల దగ్గర.

మొదటి పాటలో మూడో వాక్యానికే గొంతు విరిగింది. ఒక జంట లేచి వెళ్ళిపోయారు. ఇంకొకాయన మైకు పనిచేయడంలేదని రాజీవ్‌కి సైగ చేశాడు. రాజీవ్ తల అడ్డంగా ఊపి, చెవి దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు, వినండి అన్నట్టు. నా చెమట మైకు మీద పడుతోంది. ఆగిపోదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

వెండెల్ గారు ఆగనివ్వలేదు. విరిగినచోట బ్రష్‌తో ఒక్కసారి తుడిచారు, అక్కడ విరగడమే పాట అన్నట్టు. తర్వాతి వాక్యంలో మళ్ళీ విరిగింది. ఈసారి ఆయన అందుకోసం ఎదురుచూస్తూ ఉన్నారు. అప్పటినుంచి దాచడం మానేశాను. నా వెనక డోరిస్ కూడా తక్కువ వాయించింది, చాలా తక్కువ. మొక్కజొన్న బండివాడు పొత్తులు తిప్పడం ఆపాడు.

మూడో పాటలో మా వంతు వచ్చింది. ఆయన ప్రశ్న, నా జవాబు. మళ్ళీ ఆయన, మళ్ళీ నేను. అప్పుడాయన ఒకటి వాయించారు, ఈ ఆరేళ్ళలో ఎప్పుడూ ఆయన దగ్గర విననిది. కుంటుకుంటూ మెట్లు దిగినట్టు మొదలై, ఆఖరిమెట్టు లేదని తెలిసినట్టు గాల్లో ఆగింది. నేను వెనక్కి తిరిగాను. ఆయన పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. ఏం జవాబివ్వాలో తెలియలేదు. తెలియక నోట్లోంచి ఏది వస్తే అది వదిలాను. మాట కాదు, స్వరం కాదు. దగ్గుకీ నవ్వుకీ మధ్యది ఏదో. టెంట్‌లో నవ్వులు. ఆయన దాన్ని పట్టుకుని తిరగేసి నాకే విసిరారు. ఎంతసేపు అలా ఆడామో టోనీని అడగాలి.

ఆఖరున అందరూ లేవలేదు. లేచినవాళ్ళు మాత్రం వెంటనే కూర్చోలేదు.

తర్వాత సింబల్స్ ఆయన వ్యాన్‌లోకి మోస్తూ అడిగాను, "అది ఎక్కడిది? ఆ కుంటి మెట్లది?"

"వాడిది."

"ఎవరిది?"

"మీరు పంపిన పాటలో వాడిది." వ్యాన్ తలుపు వేసి వీపు ఆనించి నిలబడ్డారు. "ఆ పాట తీసేసేలోగా చాలాసార్లు విన్నాను, కోపంతో. అంతా నా సరుకే. ఒక్కచోట వాడికి తోవ తప్పింది. నేనలా ఎప్పుడూ తప్పలేదు. తప్పినవాడు దాన్ని అలాగే వదిలేశాడు, పాపం, ఏం చేయాలో తెలియక. మూడువారాలు పట్టింది నాకు, దాన్నొక దారిలో పెట్టడానికి. నా దగ్గర అంత దోచుకున్నాడు, నేనొకటి లాక్కుంటే తప్పా?"

కేబుళ్ళు చుడుతున్న రాజీవ్ చెయ్యి ఆగిపోయింది. "సర్, ఏ బార్‌లో? ఎక్కడ తప్పింది?"

వెండెల్ గారు అతన్ని నేరుగా చూడటం ఆ బేస్‌మెంట్ రోజు తర్వాత ఇదే మొదటిసారనుకుంటాను. "చెప్పను," అన్నారు. "గురువారం క్లబ్‌కి రా. మళ్ళీ వాయిస్తాను. విని పట్టుకో."

ఇంటికి వస్తున్నంతసేపూ రాజీవ్ స్టీరింగ్ మీద వేళ్ళతో కొడుతూనే ఉన్నాడు. కొట్టి, ఆపి, మళ్ళీ. వెనక సీట్లోంచి ప్రణవి, "నాన్నా, అట్ల కాదు, wrong," అంటోంది.

ఎలా కొట్టాలో నాకు తెలుసు. ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు.